గౌరి పాలలో ఒక్క అక్షరం

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది.

"చిన్నీ, మీ నాన్న గౌరిని అమ్మేస్తానంటున్నాడే. బేరగాడు కూడా వచ్చి చూసెళ్లాడు. నువ్వైనా ఓ మాట చెప్పు."

గౌరి మా ఇంటి ఆవు. జెర్సీ క్రాసు. ఇప్పుడు నాలుగో ఈత. పూటకి ఐదారు లీటర్లు ఇస్తుంది. మా ఊరు అద్దంకి వైపు. నేను ఇంజినీరింగ్ చదివే రోజుల్లో హాస్టల్ మెస్ బిల్లు కట్టింది గౌరి వాళ్లమ్మే. అందుకని ఆ కుటుంబానికి నేను కొంచెం బాకీ ఉన్నాను.

"ఎందుకమ్మా, పాలు తగ్గాయా?"

"పాలకేం, బంగారంలా ఇస్తోంది. మొన్న అక్క ఫోన్లో ఏదో అందంట. అప్పట్నుంచి ఆయన మాట్లాడ్డం లేదు."

అక్కని అడిగితే అసలు సంగతి తెలిసింది. మే నెలలో అక్క కూతురు, రెండేళ్లది, ఊళ్లో పదిహేను రోజులుంది. రోజూ గౌరి పాలే తాగింది. ఆఖర్లో రెండ్రోజులు కడుపులో బాగోలేదు, విరేచనాలయ్యాయి. హైదరాబాద్ వచ్చాక తగ్గిపోయింది. తర్వాత అక్క ఎక్కడో ఒక వీడియో చూసింది. జెర్సీ ఆవుల పాలు 'ఏ1' పాలు, అవి పిల్లలకి విషంతో సమానం, మన దేశీ ఆవులవి 'ఏ2' పాలు, అవి అమృతం అని ఆ వీడియో సారాంశం. అప్పట్నుంచి లీటరు నూట ముప్పై పెట్టి గాజు సీసాల్లో ఏ2 పాలు తెప్పిస్తోంది. అంతవరకూ ఫర్వాలేదు. "నాన్నా, ఈసారి మేమొచ్చినప్పుడు చిట్టితల్లికి గౌరి పాలు పట్టకండి" అని కూడా చెప్పింది. తనకి అది చిన్న మాట. నాన్నకి మాత్రం 'మనవరాలి కడుపు చెడగొట్టింది నువ్వే' అన్నట్టు వినిపించింది.

నేను రాసేది కోడ్. ఆవుల గురించి నాకు తెలిసింది పేడ తియ్యడం దాకానే. కానీ ఒక ఫలానా మార్పు వల్లే సిస్టమ్ చెడిపోయిందని ఎవరైనా అంటే, ముందు ఆ మార్పేంటో చూసి తర్వాత మాట్లాడటం మా వృత్తి నేర్పిన అలవాటు. సరే, చూద్దామని కూర్చున్నాను. నాలుగు వారాంతాలు పట్టింది. మీలో చాలామంది ఇళ్లలో కూడా ఇదే చర్చ నడుస్తోందని నాకు తెలుసు కాబట్టి, తెలుసుకున్నది మీకూ చెప్తాను.

అసలు మార్పేంటి?

లీటరు ఆవుపాలలో ఇంచుమించు 32 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. అందులో ఐదింట నాలుగు వంతులు కేసీన్. పాలు విరిచినప్పుడు గడ్డకట్టేది ముఖ్యంగా అదే. కేసీన్ అంటే ఒక్కటి కాదు, నలుగురు అక్కచెల్లెళ్లు: ఆల్ఫా ఎస్1, ఆల్ఫా ఎస్2, బీటా, కప్పా. ఈ నాలుగింటి జన్యువులూ ఆవు ఆరో క్రోమోజోమ్ మీద పక్కపక్కనే, ఒకే వీధిలో ఇళ్లలా ఉంటాయి.

మన గొడవంతా బీటా కేసీన్ గురించి. అది 209 ఎమైనో ఆమ్లాల దండ. ఆ దండలో 67వ పూస దగ్గర కొన్ని ఆవులకి 'ప్రోలిన్' ఉంటుంది, అది ఏ2. కొన్ని ఆవులకి అదే చోట 'హిస్టిడిన్' ఉంటుంది, అది ఏ1. డీఎన్ఏలో చూస్తే తేడా ఇంకా చిన్నది. 'సిసిటి' అని ఉండాల్సిన చోట 'సిఏటి' అని ఉంది. ఆవు డీఎన్ఏ మొత్తం 270 కోట్ల అక్షరాల పైమాటే. అందులో ఒకే ఒక్క అక్షరం.

ఒక్క అక్షరమేగా అని తీసిపారేయకండి. ఒక్క అక్షరం తప్పు రాసి రాత్రంతా ఆఫీసులో కూర్చున్నదాన్ని కాబట్టి నేనస్సలు తీసిపారేయను. కానీ మారినంత మాత్రాన చెడిపోయినట్టు కాదు. మారితే ఏమవుతుందో చూడాలి.

ప్రోలిన్ కొంచెం మొండి పూస. అది ఉన్న చోట మన కడుపులోని ఎంజైములు దండని అంత తేలిగ్గా తెంపలేవు. హిస్టిడిన్ ఉంటే తేలిగ్గా తెగుతుంది. అలా తెగినప్పుడు దానికి ముందున్న ఏడు పూసల ముక్క, 60 నుంచి 66 దాకా, విడిగా బయటికొస్తుంది. దాని పేరు బీటా కేసోమార్ఫిన్-7. పేరులో 'మార్ఫిన్' ఉంది కదా, మత్తుమందులు అతుక్కునే గ్రాహకాలకే ఇది కూడా కొద్దిగా అతుక్కోగలదు. ఇంతవరకూ ప్రయోగశాలలో గట్టిగా తేలిన విషయం. వీడియోలో 'విషం' అనే మాట పుట్టింది ఇక్కడినుంచే.

విషం సంగతి

1990ల్లో న్యూజీలాండ్‌లో ఆక్లండ్‌కి చెందిన బాబ్ ఇలియట్ అనే పిల్లల వైద్యుడు ఒక అనుమానం లేవనెత్తాడు. ఏ1 పాలు ఎక్కువ తాగే దేశాల్లో పిల్లలకి టైప్-1 మధుమేహం ఎక్కువగా ఉన్నట్టు లెక్కల్లో కనిపించింది. 2000లో అదే దేశంలో ఏ2 పాలు అమ్మే కంపెనీ మొదలైంది. 2007లో కీత్ వుడ్‌ఫోర్డ్ అనే ప్రొఫెసర్ ఈ అంశం మీద పుస్తకం రాశాక ప్రపంచమంతా మాట్లాడుకుంది.

అయితే దేశాల సగటు లెక్కలతో ఒక చిక్కుంది. ఏ1 పాలు ఎక్కువ తాగే దేశాలు చలి దేశాలు, డబ్బున్న దేశాలు, వేరే తిండి తినే దేశాలు కూడా. రెండు గీతలు కలిసి పైకి వెళ్తున్నాయని ఒకటి ఇంకోదానికి కారణం అనేస్తే, మా ఆఫీసులో అయితే రివ్యూలోనే ఆపేస్తారు. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2009లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ ముందేసుకుని చూసింది. ఆ ముక్కకీ మధుమేహం, గుండెజబ్బు, ఆటిజం లాంటి వాటికీ కార్యకారణ సంబంధం రుజువు కాలేదని తేల్చింది.

మరి అంతా ఒట్టిదేనా అంటే, అదీ కాదు. ఆస్ట్రేలియాలో, చైనాలో కొద్దిమందితో చేసిన పరీక్షల్లో ఏ2 పాలు తాగినప్పుడు కొందరికి కడుపుబ్బరం, నొప్పి లాంటివి తగ్గినట్టు కనిపించింది. ఒక్కో పరీక్షలో నలభై పైచిలుకు మనుషులు. వీటిలో కొన్నిటికి ఖర్చు భరించింది ఏ2 పాలు అమ్మేవాళ్లే. అంటే, కొందరి కడుపుకి కొంచెం హాయిగా ఉండొచ్చు. అంతకుమించి అడిగితే శాస్త్రం దగ్గర ఇప్పటికి జవాబు లేదు.

రెండు విషయాలు మాత్రం తల్లులు గుర్తుపెట్టుకోవాలి. పాలలో చక్కెర, అంటే లాక్టోజ్, ఏ1లోనూ ఏ2లోనూ ఒకేలా ఉంటుంది. లాక్టోజ్ పడనివాళ్లకి సీసా మారినంత మాత్రాన లాక్టోజ్ పోదు. అలాగే పాల ప్రోటీన్ అలెర్జీ అని డాక్టరు చెప్పిన పిల్లకి ఏ2 పాలు కూడా పట్టకూడదు. అలెర్జీ తెచ్చే ప్రోటీన్లు వాటిలోనూ ఉంటాయి.

చిట్టితల్లికి మేలో కడుపు ఎందుకు చెడిందో నాకు తెలీదు. ఆ పదిహేను రోజుల్లో అది మామిడిపళ్లు తింది, బోరు నీళ్లు తాగింది, నలభై రెండు డిగ్రీల ఎండలో దూడ వెనకాల తిరిగింది. అన్నిటినీ వదిలేసి గౌరి డీఎన్ఏలో ఒక్క అక్షరాన్ని పట్టుకోవడం న్యాయంగా అనిపించలేదు.

దేశీ, విదేశీ అంత తేలిగ్గా తేలదు

ఏ2 అనేది పాతది, ఏ1 తర్వాత వచ్చింది. మేక, గొర్రె, గేదె, ఆఖరికి మనిషి పాలలో కూడా ఆ చోట ప్రోలినే. యూరప్ పశువుల్లో కొన్ని వేల ఏళ్ల కిందట ఎక్కడో ఈ అక్షరం మారి, అది సంతతిలో పాకింది. మన మూపురం ఆవులు వేరే శాఖ, సింధులోయ ప్రాంతంలో విడిగా మచ్చికైనవి. అందుకే వాటిలో ఏ2నే దాదాపుగా కనిపిస్తుంది. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ శాస్త్రవేత్తలు 2009లో ప్రచురించిన అధ్యయనంలో దేశీ ఆవుల్లో 98 శాతానికి పైగా ఏ2 అని తేలింది. 100 శాతం కాదు, గమనించండి. ఒకటి రెండు దేశీ జాతుల్లో ఏ1 కూడా కొద్దిగా కనిపించింది.

అటువైపు విదేశీ అంటే ఏ1 అనుకోవడమూ తప్పే. గెర్న్సీ అనే విదేశీ జాతిలో ఎక్కువ భాగం ఏ2. హోల్‌స్టీన్‌లో ఇంచుమించు సగం సగం. జెర్సీలో సగం కంటే ఎక్కువే ఏ2. ప్రతి ఆవుకీ ఈ జన్యువు రెండు ప్రతులుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. కాబట్టి ఏ ఆవైనా ఏ1ఏ1 కావచ్చు, ఏ1ఏ2 కావచ్చు, ఏ2ఏ2 కావచ్చు. మూపురం చూసో, రంగు చూసో, లాక్టోమీటర్ ముంచో ఇది చెప్పలేం. పరీక్ష చేయించాల్సిందే.

ఇంకో సంగతి విని అక్క కాసేపు మాట్లాడలేదు. అదే అధ్యయనంలో గేదెలని కూడా చూశారు. వాటిలో నూటికి నూరు ఏ2నే. మన తెలుగువాళ్లు తరతరాలుగా తాగింది ఎక్కువగా గేదె పాలు. అమ్మమ్మ ఇంట్లో పిడకల దాలి మీద కాగిన మీగడ పాలు ఏ2 పాలే. ఆ మాట సీసా మీద రాయలేదంతే, నూట ముప్పై కూడా అడగలేదు.

నెయ్యి సంగతి మరీ విచిత్రం. ఏ1, ఏ2 అనేది ప్రోటీన్‌లో తేడా. నెయ్యి అంటే కొవ్వు. వెన్న కాచినప్పుడు ప్రోటీన్ అంతా గోకుడులోకి పోతుంది. మరి 'ఏ2 నెయ్యి' అని కిలో రెండు మూడు వేలకి కొంటున్నాం, అందులో ఏ2 ఎక్కడుంది? 2024 ఆగస్టు 21న ఎఫ్ఎస్ఎస్ఏఐ సరిగ్గా ఈ మాటే అంది. పాల మీద, పాల పదార్థాల మీద ఏ1, ఏ2 అని రాయడం తీసేయమని కంపెనీలకి చెప్పింది. ఐదు రోజులు తిరక్కుండానే, ఆగస్టు 26న, ఇంకా సంప్రదింపులు జరపాలంటూ ఆ ఉత్తర్వు వెనక్కి తీసుకుంది. ఉత్తర్వు వెనక్కి వెళ్లింది కానీ నెయ్యిలోకి ప్రోటీన్ రాలేదు కదా.

ఆ వీధిలో మిగతా ఇళ్లు

చదివే కొద్దీ నాకు ఆశ్చర్యం వేసింది ఏంటంటే, పాల ప్రోటీన్లలో తేడాలు ఈ ఒక్కటే కాదు, బోలెడు. అసలు ఈ కథ మొదలైంది 1955లో. బ్రిటన్‌లో ఆషఫెన్‌బర్గ్, డ్రూరీ అనే ఇద్దరు, పాల తేటలో ఉండే బీటా లాక్టోగ్లోబులిన్ అనే ప్రోటీన్ అన్ని ఆవుల్లోనూ ఒకేలా లేదని కనిపెట్టారు. కొన్ని ఆవుల్లో ఒక రకం, కొన్నిట్లో ఇంకో రకం, కొన్నిట్లో రెండూ. అది వంశపారంపర్యంగా వస్తుందని కూడా చూపించారు.

కప్పా కేసీన్‌లో 'ఏ', 'బి' అని రకాలున్నాయి. 'బి' రకం ఉన్న ఆవు పాలు గట్టిగా, త్వరగా గడ్డకడతాయి, చీజ్ ఎక్కువ వస్తుంది. అందుకే చీజ్ చేసే దేశాల్లో రైతులు దాన్ని కోరి ఎంచుకుంటారు. జెర్సీలో ఈ 'బి' ఎక్కువ, హోల్‌స్టీన్‌లో తక్కువ. చూశారా, బీటా కేసీన్ గురించి మనం తిట్టుకునే జెర్సీయే పక్కింటి జన్యువులో మంచి మార్కులు తెచ్చుకుంటోంది. ఒక ఇంటి తలుపు మీద రంగు చూసి వీధి మొత్తానికి వెల కట్టినట్టుంది మన వ్యవహారం.

నాకు నిజంగా భయం వేసింది ఒంగోలు ఆవు గురించి. మాది ఒంగోలు గిత్తల సీమ కదా. ఈ మధ్య ఎక్కడ విన్నా 'ఏ2 పాలిస్తుంది కాబట్టి మన జాతిని కాపాడుకోవాలి' అంటున్నారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ రేపు ఒక పెద్ద పరిశోధన వచ్చి, ఏ1కీ ఏ2కీ ఆరోగ్యంలో తేడా ఏమీ లేదని తేల్చేస్తే? అప్పుడు ఒంగోలు ఆవుని వదిలేద్దామా? లేదా జెర్సీలన్నిటినీ ఏ2ఏ2గా మార్చేస్తే? అది కష్టం కూడా కాదు. ఏ2ఏ2 ఆబోతు వీర్యమే వాడుకుంటూ పోతే, ఏ1ఏ1 ఆవుకి పుట్టే దూడలన్నీ ఏ1ఏ2, వాటికి పుట్టేవాటిలో సగం ఏ2ఏ2. రెండు తరాల పని. అప్పుడు పన్నెండు లీటర్లిచ్చే ఏ2 జెర్సీ పక్కన నాలుగు లీటర్లిచ్చే ఒంగోలు ఆవు ఏ మాట చెప్పుకుని నిలబడుతుంది?

బ్రెజిల్‌వాళ్లు ఒంగోలు జాతిని ఓడల్లో తీసుకెళ్లి కోట్లలో పెంచారు. నెల్లూరు పేరు మీద దాన్ని 'నెలోర్' అంటారు. వాళ్లు పాల కోసం తీసుకెళ్లలేదు. వేసుకున్నది మాంసం లెక్క, అది మనకి నచ్చకపోవచ్చు. కానీ వాళ్లు ఆ జాతిలో చూసింది గట్టి గుణాలు: మండే ఎండని తట్టుకోవడం, పిడుదులకి లొంగకపోవడం, నాసిరకం గడ్డితోనూ బతికేయడం. ఎండలు ఏటేటా ముదురుతున్న మన ఊళ్లకి ఆ గుణాలు రేపు ఎంత అవసరమో ఆలోచించండి. అవి ఒక్క అక్షరంలో లేవు. డీఎన్ఏ అంతటా చెల్లాచెదురుగా, వేల ఏళ్ల పాటు ఈ ఎండలో ఈ మట్టిలో పోగైనవి. ఒకసారి పోతే ఏ బ్యాకప్ నుంచీ తెచ్చుకోలేం. ఒంగోలు ఆవుని కాపాడాల్సిందే. సీసా మీది లేబుల్ కోసం మాత్రం కాదు.

గౌరి రిపోర్టు

ఇదంతా నాన్నకి ఫోన్లో చెప్తే "ఊఁ" అన్నాడు. నాన్న "ఊఁ" అన్నాడంటే వినలేదని అర్థం. అందుకని బేరగాణ్ణి ఓ నెల ఆగమని, ఊరెళ్లాను. గౌరి తోక చివర ఇరవై ముప్పై వెంట్రుకలు కుదుళ్లతో సహా పీకి, కవర్లో పెట్టి, జన్యు పరీక్ష చేసే ల్యాబ్‌కి పంపాను. పీకినందుకు గౌరి తోకతో మొహం మీద ఒక్కటిచ్చుకుంది. బాకీలో అది జమ.

మూడు వారాలకి రిపోర్టొచ్చింది. గౌరి ఏ1ఏ2. అంటే దాని పాలలో రెండు రకాలూ ఇంచుమించు సమానంగా ఉంటాయి.

ఫోన్లో చదివి వినిపించాను. నాన్న చాలాసేపు ఆలోచించి, "అంటే సగం మన పిల్లేగా" అన్నాడు.

దాని అర్థం శాస్త్రపరంగా సరికాదు. నేను సరిదిద్దలేదు.

అక్క కూడా లైన్లోనే ఉంది. "నాన్నా, నేనేదో వీడియో చూసి అన్నాను. మీరు దాన్ని మనసులో పెట్టుకుని ఆవుని అమ్ముకుంటారా?" అంది. తను ఏ2 సీసాలు మానలేదు. అది తన ఇష్టం, తన డబ్బు. నేను అడగమంది ఒక్కటే: "మీ మందలో ప్రతి ఆవుకీ ఏ2ఏ2 అని పరీక్ష చేయించారా? ఆ కాగితం చూపిస్తారా?" అక్క అడిగింది. అటునుంచి వారంగా జవాబు లేదు.

నాన్నకి పాల కేంద్రంలో లీటరుకి నలభై లోపే వస్తుంది. వాళ్లు చూసేది వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్. ఏ అక్షరమని అక్కడ ఎవరూ అడగరు. అక్కడ పోసిన గౌరి పాలు పది ఊళ్ల పాలతో కలిసి, ప్యాకెట్టయి, ఏ ఇంటికి వెళ్తాయో తెలీదు. పొద్దున మీరు తాగిన కాఫీలో ఉన్నాయేమో కూడా.

మొన్న గౌరి ఎదకొచ్చింది. గోపాలమిత్ర వచ్చినప్పుడు నాన్న అడిగాడట, "ఆబోతు ఏ2 దేనా?" అని. అతను పట్టిక తీసి చూపించాడట. నాన్న అది చూసి, తర్వాత అడిగిన ప్రశ్నలు అమ్మ నాకు ఫోన్లో నవ్వుతూ చెప్పింది. "దాని తల్లి ఎన్ని లీటర్లిచ్చింది? ఎండకి ఆగుద్దా? గిట్టలు గట్టివేనా?"

నాలుగు వారాంతాలు కూర్చుని నేను తెలుసుకున్నది నాన్న మూడు ప్రశ్నల్లో అడిగేశాడు. ఇంతకీ గౌరి ఇంట్లోనే ఉంది. సంక్రాంతికి చిట్టితల్లి వస్తోంది. పాలు కాచి ఇవ్వాలా, ఏ పాలివ్వాలా అనేది వాళ్లమ్మ చూసుకుంటుంది. దూడ వెనకాల పరిగెత్తడం మాత్రం ఎవరూ ఆపలేరు.